రాపిడి తీసేసిన గాలి

ఆయన పోయిన సంగతి నాకు రైల్లో తెలిసింది. మారికుప్పం నుంచి బెంగళూరు వెళ్ళే పొద్దుటి బండి బంగారుపేట దాటాక, మా పాత కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. మెడలో శాలువా, చేతిలో మైకు, వెనకాల తెర మీద రంగురంగుల బొమ్మ. కింద ఎవరో రాశారు, గాలిని చదివిన గురువుగారు ఇక లేరు అని. ఆ వెంటనే చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడడం మొదలైంది. నేను ఫోను సంచిలో పెట్టేసి, అమ్మ కట్టిచ్చిన ఇడ్లీల డబ్బా మూత తీశాను.

పక్క సీట్లో ఆవిడ నా ముఖం చూసి, "ఏమ్మా, ఏమన్నా చెడ్డ వార్తనా?" అని అడిగింది.

"తెలిసినాయన పోయినాడు."

"అయ్యో," అంది ఆవిడ.

నా నోటికి ఆ అయ్యో రాలేదు. ఇడ్లీలు బాగున్నాయి. డబ్బా ఖాళీ చేశాక మళ్ళీ ఫోను తీసి ఆ ఫోటో పెద్దది చేసి చూశాను. ఆయన్ని చూడ్డానికి కాదు. వెనకాల తెర మీదున్న బొమ్మ నేను చేసింది.

ఆయన పేరు రాయను. ఆ పేరు ఫ్లెక్సీల మీదా, జ్ఞాపికల మీదా కావలసినంత ఉంది. నేను ఇంకోసారి రాసి పెట్టవలసిన అవసరం లేదు. కోలారు పక్కనున్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ విభాగానికి ఆయన పెద్ద. నేను అక్కడే చదివి, అక్కడే ఆయన కింద కొన్నేళ్ళు పనిచేశాను. వంపు తిరిగిన వాటి మీదుగా గాలి, నీరు ఎలా పారతాయో కంప్యూటర్లో లెక్కగట్టడం మా పని. విమానం రెక్క కావచ్చు, కారు ముందు భాగం కావచ్చు, పైపు మలుపు కావచ్చు.

కొత్త పిల్లలకు నేను టీ గ్లాసు చూపించి మొదలుపెట్టేదాన్ని. గ్లాసు నిదానంగా వంచితే టీ అంచు పట్టుకుని గ్లాసు వీపు మీదుగా కారి చేతిని కాలుస్తుంది. జోరుగా వంచితే అంచు వదిలేసి దూకుతుంది. గాలికీ ఇలాంటి రెండు దారులు ఉన్నాయి. వంపును పట్టుకునే పోవచ్చు, నడుమలో వదిలేయవచ్చు. వదిలేసిన చోట, వంపు వెనక గాలి సుడి తిరుగుతుంది. వచ్చిన వైపుకే మళ్ళుతుంది. ఎక్కడ వదులుతుందో కనిపెట్టడమే ఈ విద్యలో కష్టమంతా. అందుకోసం గాలిని చిన్న చిన్న గళ్ళుగా కోసి, ఒక్కో గడిలో వేగమెంత, ఒత్తిడి ఎంత అని కంప్యూటరు చేత లెక్క వేయిస్తాం. గోడకు ఆనుకున్న గాలి రాపిడి వల్ల మందగిస్తుంది. అసలు కథ ఆ పల్చటి పొరలో నడుస్తుంది కాబట్టి అక్కడ గళ్ళు సన్నగా కోయాలి. కోస్తే లెక్క మొరాయిస్తుంది. ఓపిక కావాలి.

ఆయనకు ఓపిక లేదు. లెక్క కుదిరినప్పుడు తెర మీద గీతలు కిందికి దిగి నిలకడ పడతాయి. దాన్ని కన్వర్జ్ కావడం అంటారు. లెక్క కుదరడం వేరు, లెక్క నిజం కావడం వేరు. మొదటి ఏడాది పిల్లవాడికి కూడా చెప్పే ఈ తేడాను ఆయన ఉద్యోగమంతా దాటవేసి బతికారు. సాయంత్రం బ్యాగు భుజాన వేసుకుని ల్యాబ్ గడప దగ్గర నిలబడేవారు. లోపలికి వచ్చేవారు కాదు.

"ఏమ్మా, కన్వర్జ్ అయిందా?"

"అయింది సార్, కానీ..."

"అయింది కదా. ఇంగేమి," అని వెళ్ళిపోయేవారు. ఆ కానీ తర్వాత నేనేం చెప్పబోయానో ఆ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఒక్కసారి కూడా వినలేదు. ఆ మాటను ఆయన అన్నింటికీ వాడేవారు. ఎవరి కూతురికో సంబంధం కుదిరితే కన్వర్జ్ అయింది. క్యాంటీన్లో సాంబారు చిక్కబడితే కన్వర్జ్ అయింది. ప్రతిసారీ తనే మొదటిసారి అన్నట్టు నవ్వేవారు. చుట్టూ ఉన్న లెక్చరర్లు నవ్వేవారు. జీతాలున్న నవ్వులు అవి.

ఆయనకు ఎరుపు రంగంటే పడేది కాదు. మా బొమ్మల్లో వేగం, ఒత్తిడి ఎక్కువున్న చోట ఎరుపు, తక్కువున్న చోట నీలం పడుతుంది. బొమ్మలో ఎక్కడైనా ఎర్రటి మచ్చ కనిపిస్తే కుర్చీ దగ్గరికి లాక్కునేవారు. "ఎరుపు వద్దమ్మా. చూసేవాళ్ళు భయపడతారు. స్కేలు మార్చు," అనేవారు. ఏ విలువకు ఏ రంగో చెప్పే ఆ స్కేలును పైకి జరిపితే ఎరుపంతా పచ్చ అయిపోతుంది. గాలి మారదు, ఒత్తిడి మారదు, బొమ్మ మాత్రం చల్లబడుతుంది. అప్పుడు చూపుడు వేలు వెనక్కి మడిచి, గోరుతో తెర మీద ఆ వంపు వెంబడి మెల్లగా నిమిరేవారు. "ఎంత నున్నగా పోతా ఉందో చూడు. గాలికి కూడా మర్యాద ఉండాదమ్మా. గోడను పట్టుకునే పోతాది." ఆ మాట ఆయన తరగతుల్లో చెప్పేవారు, సభల్లో చెప్పేవారు. అది తప్పని ఆయన టేబుల్ మీదున్న ప్రతి పుస్తకంలోనూ ఉంది. ఆ పుస్తకాల మీద ఆయన కమలాపండు ఒలిచేవారు. తొక్క తెగకుండా ఒకే చుట్టుగా ఒలిచి, ఎదురుగా మనిషి నిలబడి ఉన్నా తొనలన్నీ తనే తిని, తొక్కను అట్టే పుస్తకం మీద వదిలేసి చేతులు కడుక్కోవడానికి పోయేవారు.

ఇవన్నీ చిన్న విషయాలే. పెద్ద విషయం మా ఊరి దిబ్బ దగ్గర జరిగింది.

మాది కోలారు గోల్డ్ ఫీల్డ్స్. మా తాత చిత్తూరు వైపు నుంచి గనిలో పనికి వచ్చాడు, మా నాన్న కూడా గని మూసేదాకా లోపల పనిచేశాడు. గని పనివాళ్ళకు కట్టిన వరస ఇళ్ళను లైన్లు అంటాం. మేం ఉండేది ఆ లైన్లలోనే. బంగారం తీసేశాక మిగిలిన రాతిపొడిని ఏళ్ళ తరబడి పోయగా ఏర్పడిన గుట్టలు ఊరి నడుమ ఉన్నాయి. వాటిని సైనైడ్ దిబ్బలు అంటాం. ఆషాఢంలో పడమటి గాలి లేస్తే ఆ తెల్లపొడి ఊరి మీదికి వస్తుంది. మా చిన్నప్పుడు సంగటి ముద్దలో కరకరమంటే ఎవరం తల ఎత్తి చూసేవాళ్ళం కాదు. మింగేవాళ్ళం.

ఒక దిబ్బకు తూర్పున ఖాళీ స్థలం ఉండేది. ఊళ్ళో స్కూలు నడిపే ఒక ఆసామి అక్కడ కొత్త భవనం కట్టాలని అనుకున్నాడు. ఆయనకు కామసముద్రం వైపు మామిడి తోటలున్నాయి. స్కూల్లో అందరూ ఆయన్ని కరస్పాండెంట్ అనేవారు. దుమ్ము సంగతేమిటని కొందరు తల్లిదండ్రులు అడిగారు. దిబ్బ అడ్డం ఉంటుంది కాబట్టి గాలి రాదని ఆయన నమ్మకం. అయినా ఒక ఇంజనీరు నోట చెప్పిస్తే నోళ్ళు మూతపడతాయని మా కాలేజీకి వచ్చాడు. గాలి దిబ్బ మీదుగా ఎలా పోతుంది, మోసుకొచ్చే పొడిని ఎక్కడ దింపుతుంది, ఇదీ ప్రశ్న. నా మేనకోడలు ఆ స్కూల్లో ఒకటో తరగతి చదువుతోంది. లైన్లలో సగం పిల్లలు అక్కడికే పోతారు. ఈ పని నాకు ఇవ్వమని నేనే సార్‌ని అడిగాను.

దిబ్బ చూడ్డానికి ఇద్దరం కలిసి వెళ్ళాం. ఆయన తెల్ల బూట్లు వేసుకొచ్చారు. కారు దిగి, దిబ్బ వైపు రెండు అడుగులు వేసి, కింద పొడి చూసి ఆగిపోయారు. నేను పైకి ఎక్కాను. వాన కోసిన లోతైన గండ్లు, విరిగిపడిన అంచులు, అవతలి వైపు నిటారైన జారుడు. అన్నీ ఫోనులో ఫోటోలు తీసుకుని దిగేసరికి ఆయన కారుకు ఆనుకుని గాల్లో వేలితో ఒక వంపు గీస్తున్నారు.

"అర్ధచంద్రం. అంతే కదమ్మా?"

"లేదు సార్. అవతల పక్క నిటారుగా ఉండాది. పైన అంచులు విరిగిపోయి ఉండాయి."

"అవన్నీ పెడితే లెక్క ఎప్పటికి అయ్యేది? నున్నగా గీయి," అన్నారు. జేబురుమాలు తీసి బూట్లు దులుపుకున్నారు. కారెక్కాక కూడా ఒకసారి వంగి చూసుకున్నారు. తర్వాత దారి పొడుగునా ఆయన మాట్లాడింది కాలేజీకి రాబోయే తనిఖీ గురించి.

నున్నగా గీసినా లెక్క మొరాయించింది. దిబ్బ వెనక గీతలు నిలకడ లేకుండా ఊగుతూనే ఉన్నాయి. అలా ఊగుతున్నాయంటే అక్కడ గాలి స్థిమితంగా లేదని అర్థం. గాలి వంపును వదిలేస్తోంది. నేను ఆ మాటే చెప్పాను. ఆయన తెర వైపు కాసేపు చూశారు.

"రాపిడి తీసేయ్," అన్నారు.

"సార్?"

"దిబ్బకు రాపిడి లేదనుకో. గాజు మాదిరి. అప్పుడు కుదురుతాది."

కుదిరింది. ఎందుకు కుదరదు? రాపిడి లేకపోతే గాలి ఎక్కడా మందగించదు, ఎక్కడా వదలదు. అర్ధచంద్రం వెంబడి ఎక్కి, అటు వైపు అంతే అందంగా దిగి, నేల మీదుగా దూరం వెళ్ళిపోయింది. తెరంతా నీలం, లేత పచ్చ. ఆయన గోరుతో ఒకసారి నిమిరి, ఇది చాలన్నారు. నేను ఆ వారం మా ఇంట్లో నా సొంత ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. దిబ్బను నిలువుగా కోసిన ఒక్క ముక్క తీసుకుని, గండ్లు, విరిగిన అంచులు, నిటారు జారుడు ఉన్నవి ఉన్నట్టు గీసి, రాపిడి పెట్టి, నేలను ఆనుకున్న గళ్ళు సన్నగా కోసి నడిపించాను. ఎన్నోసార్లు లెక్క నడుమలోనే ఆగిపోయింది. చివరికి వచ్చిన బొమ్మలో గాలి అంచు దగ్గర దూకి, దిబ్బ వెనక పెద్ద సుడిగా తిరుగుతోంది. కింద నేల దగ్గర బాణాలన్నీ వెనక్కి, దిబ్బ వైపుకే చూస్తున్నాయి. ఆ సుడి కింద, సరిగ్గా కొత్త భవనం రావలసిన చోట, పొడి దిగుతోంది.

ఆయనకు చూపించాను. నిలబడే చూశారు.

"ఎరుపు శానా ఉండాది," అన్నారు.

"ఉండాది సార్. అది నిజం కాబట్టి ఉండాది."

"ఇది ఇంగా ఊగుతా ఉండాది కదమ్మా. కన్వర్జ్ కానిదాన్ని ఎవరికి చూపిస్తావు?"

"పిల్లోళ్ళు కూర్చునే చోటు సార్ అది."

"వాళ్ళ స్కూలు, వాళ్ళ స్థలం. మనల్ని అడిగింది గాలి గురించి," అని గడియారం చూసుకున్నారు.

స్కూలు హాల్లో తల్లిదండ్రుల ఎదుట ఆయన ఆ నీలం బొమ్మే చూపించారు. నేను పక్కన ల్యాప్‌టాప్ దగ్గర కూర్చుని బొమ్మలు మార్చాలి. ఆయన మాట్లాడుతుంటే హాలంతా మెత్తబడిపోయింది. గొంతు అలాంటిది మరి. గాలికి మర్యాద ఉందన్నారు. గోడను పట్టుకునే పోతుందన్నారు. కరస్పాండెంట్ లేచి, "అంటే పిల్లోళ్ళ మీద దుమ్ము పడదు కదా సార్?" అని అడిగాడు.

"పడదప్పా. దిబ్బ మీదనే జారి అట్లే దూరం పోతాది."

నేను లేచాను. "రాపిడి లేదనుకుని చేసిన లెక్క సార్ అది. రాపిడి పెట్టి చేస్తే గాలి వెనక్కి తిరుగుతాది," అన్నాను.

హాలు నా వైపు తిరిగింది. ఆయన ముఖంలో కోపం రాలేదు. కోపం వస్తే నాకు కొంచెం గౌరవం మిగిలేది. ఆయన నవ్వారు. "ఈ పాప శానా కష్టపడతాది. ఇంగా నేర్చుకుంటా ఉండాది," అన్నారు. ముందు వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. నేర్చుకుంటున్నందుకు అందరూ నన్ను చూసి మెచ్చుకోలుగా తలలూపారు. అంతలో టీ వచ్చింది.

తర్వాతి వారంలో భూమిపూజ అని తెలిసింది. నేను ఒక పొద్దున కరస్పాండెంట్ ఆఫీసుకు వెళ్ళాను. సంచిలో ల్యాప్‌టాప్, దానితోపాటు మా ఇంట్లోని మట్టి మూకుడు. ముందు బొమ్మ చూపించాను. ఆయన కళ్ళజోడు పైకీ కిందికీ జరిపి చూశాడు.

"నాకు ఈ రంగులు అర్థం కావు పాపా. ఆ సార్ చూపించింది కూడా ఇట్లే ఉండె."

"సరే అయ్యా, రంగులు వద్దు," అని మూకుడు టేబుల్ మీద బోర్లించాను. టేబుల్ ఫ్యాను దూరంగా జరిపి నిదానంగా తిరిగేటట్టు పెట్టాను. ఆయన దేవుడి పటం దగ్గరున్న ఊదొత్తుల్లోంచి ఒకటి అడిగి తీసుకుని వెలిగించి, ఫ్యానుకు అవతలి వైపు, మూకుడు వెనక మొదట్లో నిలబెట్టాను.

"పొగ ఎటు పోతాది అయ్యా?"

"యాడికి పోతాది, ఆ తలుపు దిక్కు పోతాది," అన్నాడు. గాలి వీస్తున్నది తలుపు వైపే.

పొగ పోలేదు. ఫ్యాను వైపుకే వంగి, మూకుడు వీపు పట్టుకుని పైకి పాకి, అంచు దగ్గర చెదిరి, మళ్ళీ కిందికి దిగింది. ఆయన వంగి చూశాడు. ఊదొత్తిని తనే తీసి కొంచెం పక్కకు పెట్టాడు. పొగ మళ్ళీ ఎదురు తిరిగింది. ఫ్యాను ఆపి, వేసి చూశాడు. చాలాసేపటికి కుర్చీలో వెనక్కి వాలాడు.

"దుమ్ము కూడా ఇట్లేనా?"

"ఇట్లే అయ్యా. దిబ్బ అడ్డం ఉంటే గాలి రాదు అనుకుంటాము. దిబ్బ ఉండబట్టే అది ఈడ తిరుగుతాది. మోసుకొచ్చింది ఈడనే దింపుతాది."

ఆయన ఫోను తీసి సార్‌కి కలిపాడు. నేను కూడా వినాలని స్పీకర్ పెట్టాడు.

"సార్, మీ దగ్గర పనిచేసే పాప వచ్చినాది. గాలి వెనక్కి తిరుగుతాది, ఆ చోట కట్టొద్దు అంటుండాది. మీరేమో పడదంటిరి."

అవతల ఊపిరి తీసి వదిలిన చప్పుడు వినిపించింది. నేను నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. అప్పుడు ఆ మెత్తటి గొంతు వచ్చింది.

"అవునప్పా. నేనే పంపినాను. ఆ పొద్దు చూపించింది మొదటి లెక్క. రెండో లెక్కలో తేలింది, గాలి వంపును వదిలేస్తాది అని. ఇది శానామందికి తెలీదు. పాపకు అంతా చెప్పి పంపినాను, చూపించిందా?"

"చూపించింది సార్. శానా మేలు చేస్తిరి," అన్నాడు కరస్పాండెంట్. ఫోను పెట్టి, నా వైపు తిరిగి, "పెద్ద మనసు సార్‌ది. తన మాట తనే దిద్దుకునేవాళ్ళు ఎంతమంది ఉంటారు?" అన్నాడు.

నేను నోరు తెరిస్తే వ్యవహారం మళ్ళీ మొదటికి వస్తుంది. ఇద్దరు ఇంజనీర్లు కొట్లాడుకుంటున్నారనుకుని ఆయన తన మొదటి నమ్మకానికే పోతాడు. మూకుడు సంచిలో పెట్టుకుని వచ్చేశాను. భూమిపూజ ఆగింది. భవనం బేతమంగళం రోడ్డు వైపు, దిబ్బలకు దూరంగా లేచింది. నా మేనకోడలు ఇప్పుడు అక్కడే పెద్ద తరగతుల్లో ఉంది. ఆషాఢంలో ఎప్పుడైనా ఆ పాత స్థలం పక్కనుంచి పోతే కంపల మీద తెల్లగా పొడి పేరుకుని ఉంటుంది. అక్కడ పిల్లలు లేరు. ఆ సంగతి చూసుకుని సంతోషించడం నాకు తెలుసు.

మర్నాడు కాలేజీలో ఆయన క్యాబిన్‌కి పిలిచారు. కమలాపండు ఒలుస్తున్నారు.

"మంచి పని చేసినావమ్మా. చొరవ ఉండాది నీకు," అన్నారు. ఇంకేదో అంటారని నిలబడ్డాను. తొన నోట్లో వేసుకుని, "ఆ బొమ్మలన్నీ నా పెన్‌డ్రైవ్‌లో వేయి. ఎరుపు కొంచెం తగ్గించి వేయి," అన్నారు.

ఆ బొమ్మలతో ఆయన రెండో జీవితం మొదలైంది. దిబ్బ వెనక గాలి అనే ఉపన్యాసం ఒకటి తయారు చేసుకుని ముళబాగిలు నుంచి బెంగళూరు దాకా తిరిగారు. గాలికి మర్యాద ఉందనే మనిషి రాత్రికి రాత్రి గాలికి మర్యాద లేదని చెప్పడం మొదలుపెట్టారు, అదే గొంతుతో, అదే చోట ఆగి, అదే నవ్వుతో. పిల్లల్ని కాపాడిన శాస్త్రవేత్త అని పేపర్లో వచ్చింది. నా బొమ్మ మూలన ఉన్న నా పేరు కత్తిరించి, అంచులు చక్కగా సరిచేశారు. అలాంటి పనుల్లో ఆయన చేయి నున్నన. కొన్ని నెలలకు నేను బెంగళూరులో ఉద్యోగం చూసుకుని కాలేజీ మానేశాను. పొద్దున రైలు, సాయంత్రం రైలు. అక్కడ కార్ల మీద గాలి పారిస్తాం. ఎర్రటి మచ్చ కనిపిస్తే దాన్ని పోగొట్టడానికి కారు ఆకారం మారుస్తారు, స్కేలు కాదు.

ఆ తర్వాత ఆయన్ని ఒక్కసారే చూశాను, కోలారు బస్టాండులో. అప్పటికి రిటైరయ్యారు. పక్కన ఎవరో కుర్ర లెక్చరర్ బ్యాగు మోస్తున్నాడు. నన్ను చూసి చాలా సంతోషించారు. అది నటన కాదు, నిజంగానే సంతోషించారు.

"నా స్టూడెంట్," అని ఆ అబ్బాయికి చెప్పారు. "గాలి గురించి ఈ పాపకు నేర్పించింది నేనే." తర్వాత నా వైపు తిరిగి, బస్సు వచ్చేలోగా, గాలి వంపును ఎందుకు వదులుతుందో నాకే వివరించారు. టీ గ్లాసుతో వివరించారు. నిదానంగా వంచితే వీపు మీద కారుతుందట, జోరుగా వంచితే దూకుతుందట. చేత్తో గ్లాసు వంచినట్టు అభినయించి చూపించారు. ఆ అబ్బాయి నోరు తెరిచి వింటున్నాడు. ఆయన కళ్ళలోకి చూశాను. ఒక్క మచ్చ లేదు. నిర్మలంగా ఉన్నాయి.

ఆ రోజు బస్సులో కూర్చుని నేనొక నిర్ణయానికి వచ్చాను. ఈ మనిషి దొంగ కాదు. ఈయనకు నిజంగానే గుర్తులేదు. చెప్పి చెప్పి తనే నమ్మేశాడు. బుర్రలో ఏదీ నిలబడని మనిషిని ద్వేషించడం దండగ. అప్పటి నుంచి ఆయన మీద నాకున్నది చులకన మాత్రమే. చులకనతో సుఖంగా ఉండవచ్చు, అది నిద్ర చెడగొట్టదు.

పదకొండో రోజు కర్మకు అమ్మ వెళ్ళమంది. "అన్నం పెట్టిన ఉద్యోగం ఇచ్చినాడు కదా, పోకుంటే బాగుండదు," అంది. ఆదివారం కావడంతో వెళ్ళాను. కోలారులో ఆయన ఇల్లు. వీధిలో షామియానా, కుర్చీలు, మైకు, దండ వేసిన పెద్ద ఫోటో. సంతాప సభ నడుస్తోంది. ఒకరి తర్వాత ఒకరు లేచి దిబ్బ గురించే మాట్లాడుతున్నారు. స్కూలు కరస్పాండెంట్ కూడా వచ్చి మాట్లాడాడు, తన మాట తనే దిద్దుకున్న పెద్ద మనసు గురించి. నేను వెనక వరసలోంచి లేచి, నీళ్ళు తాగే వంకతో లోపలికి పోయాను.

వెనక గదిలో ఆయన భార్య చాప మీద కూర్చుని ఉంది. అంతకుముందు ఆమెను కాలేజీ వార్షికోత్సవంలో దూరం నుంచి చూడడమే. నంగలి వైపు పల్లెటూరి మనిషి. ముఖం వాడిపోయి ఉంది కానీ కళ్ళు పొడిగా ఉన్నాయి. నేను ఎవరో చెప్పుకుని, నమస్కారం పెట్టి, అందరూ అనేదే ఒక మాట అన్నాను. ఆమె నన్ను పట్టి చూసింది.

"నువ్వేనా? దిబ్బ లెక్క చేసిన పిల్ల?"

"ఎవరు చెప్పినారమ్మా మీకు?"

"ఎవరు చెప్పేది? ఆయనే." ఆమె చీరకొంగు సర్దుకుంది. "మూకుడు పెట్టి ఊదొత్తి పెట్టి చూపించినావంట కదా. ఆ స్కూలాయన చెప్పినాడంట ఈయనకు. ఇంటికి వచ్చి నాకు అట్లే చేసి చూపించినాడు, వంటింట్లో. నాకు అంత తెలివి లేదే, నా బుర్రకు ఇది తట్టలేదే అన్నాడు."

"ఎప్పుడమ్మా?"

"అప్పుడే. తర్వాత కూడా అంటానే ఉండినాడు. యాడికన్నా పోయి శాలువా కప్పించుకుని వస్తే, అది తీసి ఆ కుర్చీ మీద పడేసి, ఇది నాది కాదు, ఆ పిల్లది అంటా ఉండినాడు. బస్టాండులో నిన్ను చూసిన పొద్దు కూడా చెప్పినాడు. టీ గ్లాసు లెక్క ఆ పిల్లకే చెప్పి వచ్చినాను, ఏమీ అనలేదు, మంచి పిల్ల అన్నాడు."

బయట మైకులో ఎవరో ఆయన నిజాయితీ గురించి చెబుతున్నారు. గదిలో ప్రతి మాటా వినిపిస్తోంది.

"మరి బయట ఎందుకు చెప్పలేదమ్మా?"

"నేనూ అడిగినాను. ఒకసారి కాదు. చెప్తే ఇంగ నన్నెవరు పిలుస్తారు అన్నాడు." ఆమె చాప అంచు సరిచేసింది. "అంతే. వేరే ఏమీ లేదు."

నేను అక్కడే చాప అంచు మీద కూర్చున్నాను. బస్టాండులో ఆ నిర్మలమైన కళ్ళు గుర్తొచ్చాయి. గుర్తులేని మనిషి అని జాలి కలిపి చులకన చేశాను. ఆయనకు అన్నీ గుర్తున్నాయి. నా మూకుడు గుర్తుంది, ఊదొత్తి గుర్తుంది, నేను ఏమీ అనకపోవడం కూడా గుర్తుంది. నిజం చెప్పడం చేతకానివాడని అనుకున్నాను. చేతనవును. ఇంటికి వచ్చి, తలుపు వేసుకుని, ఎవరికీ వినపడని చోట ఒక్క మనిషికి చెప్పి, తేలికపడి, భోంచేసి, మర్నాడు మళ్ళీ మైకు పట్టుకునేవాడు. ఆ భారమంతా ఇన్నేళ్ళు ఈమె చేత మోయించాడు. ఇంతసేపూ అలవాటుకొద్దీ ఆయన్ని మర్యాదగా రాస్తూ వచ్చాను. ఇక్కడి నుంచి అది నాకు కుదరదు.

"కోపం ఉండాదా అమ్మా నీకు?" అని అడిగింది ఆమె.

అలాంటి రోజున, అలాంటి ఇంట్లో ఏం చెప్పాలో నాకు తెలుసు. అది నోటిదాకా వచ్చింది కూడా.

"ఉండాదమ్మా," అన్నాను.

ఆమె తలూపింది. "ఉండనీ. నాకూ ఉండాది."

వంటవాళ్ళు వడ్డన మొదలుపెట్టారని ఎవరో వచ్చి చెప్పారు. ఆమె నన్ను బయటి పంక్తిలోకి పోనివ్వలేదు. రెండు ఆకులు అక్కడికే తెప్పించి, ఒకటి నా ముందు వేసి, ఇంకొకటి తన ముందు వేసుకుంది. ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. బయట కొత్త గొంతు ఏదో మైకు అందుకుని, సార్ దగ్గర తను నేర్చుకున్న మొదటి పాఠం చెప్పబోతోంది. ఆమె అన్నంలో చెయ్యి పెట్టబోయి ఆగింది. లేచి వెళ్ళి, వీధి వైపు కిటికీ మూసి వచ్చి కూర్చుంది.

"తిను," అంది.